కళ్లకు గంతలు కట్టి నేర్పే చదువు

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మేము ఇంటికి వచ్చేసరికి వరండాలో ఒక సోదరి పదేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకుని కూర్చుని ఉన్నది. చాలా ఏళ్ల కిందట మా వద్ద ఖాయిదా నేర్చుకున్న అమ్మాయే. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు.

"మౌల్వీసాబ్! మావాడు కళ్లకు గంతలు కట్టుకుని పుస్తకం చదువుతున్నాడు. ఒకసారి మీరు చూడండి" అన్నది. గొంతులో సంతోషం ఉన్నది, కొంత బెరుకూ ఉన్నది.

విషయం అడిగాము. పట్నంలో రెండు రోజుల శిక్షణ ఇప్పించిందట. పిల్లల మధ్యమెదడును మేల్కొలిపితే కళ్లతో పని లేకుండా చూడగలరని అక్కడివారు చెప్పారట. 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' అని దాని పేరు. కమ్మలు కుదువపెట్టి ఫీజు కట్టింది. ఇప్పుడు రెండవ దశ అట. అందులో చేరితే పోయిన వస్తువులు ఎక్కడున్నాయో, పరీక్షలో ఏ ప్రశ్నలు వస్తాయో కూడా పిల్లవాడికి తెలిసిపోతాయట. ఫీజు మొదటిదానికి రెట్టింపు.

"ఇది నిజంగా ఇల్మేనా? నేర్పించవచ్చా?" అన్నదే ఆమె ప్రశ్న. ఈ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు. చాలా ఇళ్లలో తల్లిదండ్రులు ఇదే అడుగుతున్నారు. అందుకే ఈ వారం ఈ విషయం రాస్తున్నాము.

ముందు ఆనాడు జరిగినది చెబుతాము. పిల్లవాడు గంతలు కట్టుకుని మేము ఇచ్చిన పుస్తకంలో నాలుగు వాక్యాలు తడుముకోకుండా చదివాడు. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెను లోపలికి వెళ్లి మా ఇంట్లోవాళ్లతో చాయ్ తాగి రమ్మన్నాము. తరువాత పుస్తకాన్ని పిల్లవాడి ఒడిలో కాక, నుదుటికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాము. చదవలేకపోయాడు. మళ్లీ ఒడిలోనే పెట్టి, గడ్డం కింద ఒక అట్టముక్క అడ్డం పెట్టాము. అప్పుడూ చదవలేకపోయాడు.

మేము కోప్పడలేదు. "బేటా! ఎక్కడినుంచి కనబడుతున్నది?" అని మెల్లగా అడిగాము. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఏడుస్తూ, "ముక్కు పక్కనుంచి, సార్. కనబడటం లేదంటే నీకింకా రాలేదన్నారు. అందరికీ వచ్చింది, నాకు రాకపోతే అమ్మీ ఏడుస్తుంది. కమ్మలు పెట్టి ఫీజు కట్టింది గదా!" అన్నాడు.

పాఠక సోదరీ సోదరులారా! ఆ పిల్లవాడు మోసగాడు కాడు. తల్లిమీది ప్రేమతోనే అబద్ధంలో ఇరుక్కున్నాడు.

ఇందులోని కిటుకు కొత్తదేమీ కాదు. గంత ఎంత బిగించి కట్టినా ముక్కుకు రెండు పక్కలా సన్నని సందు మిగులుతుంది. ఆ సందులోంచి ఒడిలోని పుస్తకం కనబడుతుంది. 1960లలో సోవియట్ రష్యాలో రోజా కులెషోవా అనే యువతి వేళ్లతో తడిమి అక్షరాలు చదువుతుందని ప్రపంచమంతా చెప్పుకున్నారు. 1966లో మార్టిన్ గార్డ్‌నర్ అనే అమెరికన్ రచయిత 'సైన్స్' పత్రికలో ఈ ముక్కు సందు సంగతే వివరంగా రాశాడు. కళ్లకు గంతలు కట్టడం చాలదు, తల మొత్తాన్ని ఒక పెట్టెతో మూసి చూడండి అన్నాడు.

మనవాడే అయిన ఒకరి సంగతి కూడా చెప్పుకోవాలి. కాశ్మీరులో పుట్టిన ఖుదా బఖ్ష్ 'కూడా బక్స్' అనే పేరుతో ఇంగ్లండులో, అమెరికాలో ప్రదర్శనలిచ్చి ప్రసిద్ధుడయ్యాడు. కళ్లమీద పిండి ముద్దలు, దూది పెట్టించుకుని, పైన గుడ్డలు చుట్టించుకుని చదివేవాడు. దీపపు వెలుగుమీద మనసు నిలిపి ఏళ్ల తరబడి సాధన చేసి సాధించానని చెప్పేవాడు. 1950లో అమెరికా టెలివిజన్ ఆయన కార్యక్రమానికి 'హిందూ మిస్టిక్' అని పేరు పెట్టింది. ఖుదా బఖ్ష్‌ను హిందూ యోగిగా చూపించారంటే ఆ వ్యాపారంలో నిజానికి ఎంత విలువ ఉన్నదో ఆలోచించండి! ఆయనకు ముసలితనంలో గ్లాకోమా జబ్బుతో చూపు పోయింది. కళ్లు లేకుండానే చూడటం నిజంగా వచ్చి ఉంటే ఆయనకు అది ఏ దిగులూ కలిగించకూడదు గదా!

ఇక శాస్త్రజ్ఞుల సంగతి. వారు పరీక్షించకుండానే కొట్టిపారేశారని కొందరంటారు. అది నిజం కాదు. 1930లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ ఐదు రకాల గుర్తులున్న 25 చీట్లతో వేలసార్లు పరీక్షలు చేశాడు. ఊరికే ఊహించినా సగటున 5 సరిపోతాయి. అంతకు మించి వస్తున్నాయని ఆయన ప్రకటించాడు. కాని ఇతరులు మరింత కట్టుదిట్టంగా చేసి చూస్తే ఆ అదనం నిలవలేదు. అమెరికా ప్రభుత్వం కూడా దూరాన ఉన్నవాటిని మనసుతో చూడగలమనే వారిని పెట్టుకుని రెండు దశాబ్దాలు, సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. 1995లో ఫలితాలు పరిశీలించిన ఇద్దరు నిపుణులలో ఒకరు ఇందులో ఏదో ఉన్నదన్నారు, రెండవవారు ఒప్పుకోలేదు. అయితే ఆ సమాచారం గూఢచారి శాఖకు ఏ పనికీ అక్కరకు రాలేదని నివేదిక తేల్చడంతో పథకం మూసేశారు. ఐంద్రజాలికుడు జేమ్స్ రాండీ సంస్థ అతీంద్రియ శక్తిని రుజువు చేసినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామన్నది. 2015లో ఆ పందెం ముగిసేవరకు ఒక్కరూ గెలవలేదు.

మధ్యమెదడు విషయానికి వస్తే, దాన్ని ఎవరూ ఫీజు తీసుకుని మేల్కొలపనక్కరలేదు. కళ్లు కదలాలన్నా, వెలుగుకు కంటిపాప ముడుచుకోవాలన్నా, మనిషి మెలకువగా ఉండాలన్నా ఆ భాగం పుట్టుకనుంచీ పని చేస్తూనే ఉండాలి. కళ్లు లేకుండా చూడటం నేర్పగలిగినవారు ముందుగా అంధుల పాఠశాలకు వెళ్లి నేర్పాలి. అక్కడికి వెళ్లరు. అక్కడి పిల్లలకు ముక్కు పక్క సందు ఉపయోగపడదు గనుక.

దీన్ దృష్టితోనూ చూద్దాం. ఇల్మె గైబ్ అల్లాహ్‌కే ప్రత్యేకమైనదని ఖురాన్ అనేకచోట్ల స్పష్టం చేసింది. అల్లాహ్ తెలిపితే తప్ప తనకు గైబ్ తెలియదని ప్రకటించమని ప్రవక్త (స)నే ఆదేశించింది. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర) హారం పోయింది. ప్రవక్త (స) దానికోసం మజిలీ ఆపారు. సహాబాలు వెతికారు. నీళ్లు లేక అందరూ ఇబ్బంది పడ్డారు. తయమ్ముమ్ ఆదేశం దిగినది ఆ సందర్భంలోనే. చివరకు ఒంటె లేచాక దాని కిందనే హారం దొరికింది. ఈ సంగతి బుఖారీలో ఉన్నది. ప్రవక్త (స) వెంటనున్నవారే వెతుక్కుని కనుగొన్న చోట, రెండు రోజుల తరగతిలో పిల్లవాడికి పోయిన వస్తువుల జాడ నేర్పుతామంటే నమ్మవచ్చునా? ఔలియాల కరామత్ సంగతేమిటని కొందరు అడుగుతారు. అది అల్లాహ్ అనుగ్రహం. రశీదు తీసుకుని నేర్చుకునే విద్య కాదు.

జోస్యం చెప్పేవారి ఒక నిజంలో నూరు అబద్ధాలు కలిసి ఉంటాయని హదీసు హెచ్చరిస్తున్నది. మనం ఆ ఒక్కటే గుర్తు పెట్టుకుంటాము, మిగతా నూరూ మరచిపోతాము. ఈ వ్యాపారమంతా మన మతిమరుపుమీదనే నడుస్తున్నది.

మరి సాధనతో ఏమీ రాదా? తప్పక వస్తుంది. 6236 ఆయతులున్న ఖురాన్‌ను పదేళ్ల పిల్లవాడు గుండెలో నిలుపుకుంటున్నాడు గదా! చూపులేని పిల్లలు బ్రెయిలీ చుక్కలను వేళ్లతో తడిమి చదువుతున్నారు గదా! అలవాటైన గుమాస్తా అంకెల వరుసను చూస్తూనే కూడుతున్నాడు. వీటిలో దాపరికం లేదు. ఎవరు ఎన్నిసార్లు పరీక్షించినా నిలుస్తాయి. నిజమైన విద్యకు గుర్తు అదే.

మీ ఇంటికి ఇటువంటి ప్రకటన వస్తే ఒక్క పని చేయండి. డబ్బు కట్టకముందే పుస్తకాన్ని నుదుటి ఎత్తున పట్టి చదివించమని నేర్పేవారిని అడగండి. వారు కోపం తెచ్చుకున్నా, పిల్లవాడికి శ్రద్ధ చాలదన్నా, సలాం చెప్పి వచ్చేయండి. ఇప్పటికే కట్టి ఉంటే పిల్లవాణ్ణి పదిమందిలో నిలబెట్టి పరీక్షించకండి. ఒంటరిగా దగ్గర కూర్చోబెట్టుకుని, నిజం చెబితే కోప్పడమని ముందుగానే మాట ఇచ్చి అడగండి.

ఆనాడు మేము ఆ మాట తల్లి చేత ఇప్పించాము. పిల్లవాడు తానే చెప్పాడు. ఆమె కాసేపు మౌనంగా ఉన్నది. తరువాత వాడి కళ్ల గంత తీసి, మడిచి సంచిలో పెట్టుకుని, "కమ్మలు పోతే పోయాయి బేటా, నువ్వు నాతో అబద్ధం చెప్పనక్కరలేదు" అన్నది. రెండవ దశ ఫీజు కోసం దాచిన డబ్బుతో ముందు కమ్మలు విడిపించుకొమ్మని చెప్పి పంపాము.