అరవై ఆర్డర్లు వచ్చాయి సరే, మిగిలిందెంత?

రాజమండ్రిలో ఇంట్లోనే ఆవకాయ పెట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన ఇచ్చి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే ఒకావిడ నెల లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. లెక్క కట్టే తీరు మాత్రం చీరలు అమ్మేవాళ్లకైనా, ట్యూషన్ చెప్పేవాళ్లకైనా ఇదే.

ప్రకటనకు పెట్టింది 10,000 రూపాయలు. అది 1,50,000 మందికి చేరింది. వాళ్లలో 3,000 మంది లింకు నొక్కారు, అంటే 2 శాతం. నొక్కినవాళ్లలో 240 మంది వాట్సాప్‌లో పలకరించారు, 8 శాతం. చివరికి కొన్నది 60 మంది, పలకరించినవాళ్లలో నాలుగో వంతు. కిలో 900 చొప్పున అమ్మకం 54,000. పెట్టిన రూపాయికి 5 రూపాయల 40 పైసల అమ్మకం! ప్రకటనల ఏజెన్సీలు ‘రోయాస్’ అని గొప్పగా చూపించే అంకె ఇదే.

కానీ అమ్మకం లాభం కాదు. కాయ, నూనె, కారం, ఆవపిండి, కూలి, ప్యాకింగు కలిపి కిలోకి 520, కొరియర్ 120 పోతే 900లో మిగిలేది 260. ప్రకటన ఖర్చూ 10,000తో ఆగదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 11,800. దాన్ని 60 ఆర్డర్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 197. అంటే కిలో మీద నిలిచేది 63 రూపాయలు, నెల మొత్తానికి 3,800. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, తీసుకోగలిగినవాళ్లకు ఆ 1,800 సర్దుబాటవుతుంది, తీసుకోలేనివాళ్లకు అదీ చేతి నుంచి పోయినట్టే.

ఇక్కడ చాలామంది బడ్జెట్ పెంచుతారు. నా మాట వింటే ముందు ఆ 240 మెసేజ్‌లు చూడండి. వాటిలో 180 మంది కొనకుండా వెళ్లిపోయారు. మధ్యాహ్నం అడిగితే రాత్రికి జవాబిచ్చారా? ధర చెప్పి కొరియర్ చార్జీ తర్వాత కలిపారా? ఇలాంటివి సరిచేసి 25 శాతాన్ని 35కి తేగలిగితే ఆర్డర్లు 84 అవుతాయి. ప్రకటనకు రూపాయి కూడా అదనంగా పెట్టకుండానే మిగులు 3,800 నుంచి 10,040కి చేరుతుంది. అలాగే, ఆ 60 మందిలో 15 మంది ప్రకటన అవసరం లేకుండా మళ్లీ కొంటే వచ్చేది 3,900, దాదాపు మొదటి మిగులంత. అందుకే పాత కొనుగోలుదారుల సంఖ్యను విడిగా రాసుకోవాలి.

ఏ ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వాట్సాప్ లింకులో ముందే రాసిపెట్టిన మెసేజ్ ఉంచవచ్చు. ఒక ప్రకటనకు ‘ఆవకాయ 1’ అని, ఇంకోదానికి ‘ఆవకాయ 2’ అని పెడితే మెసేజ్ రాగానే మూలం తెలుస్తుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో లేబుళ్లున్నాయి, కొన్నవాళ్లకు ఒకటి తగిలించండి. వెబ్‌సైట్ ఉంటే ప్రతి లింకుకూ, నొక్కినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే యూటీఎం ట్యాగు చేర్చండి.

ప్రకటన సంస్థ చూపించే లెక్కనే ఆధారం చేసుకోకండి. 2016లో ఫేస్‌బుక్, వీడియోల సగటు వీక్షణ సమయాన్ని రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపించామని ఒప్పుకుంది. 3 సెకన్లలోపు వదిలేసినవాళ్లను సగటులో కలపకపోవడమే దానికి కారణం. అంత పెద్ద సంస్థ లెక్కే తప్పినప్పుడు, మన ఆర్డర్ల పుస్తకమే అసలు సాక్ష్యం.

చిన్న అంకెలతో తొందరపడటం మరో ప్రమాదం. ఒక ప్రకటనకు 4 ఆర్డర్లు, ఇంకోదానికి 6 వచ్చాయని మొదటిదాన్ని ఆపేస్తారు. రెండూ సమాన సత్తా ఉన్నవే అయినా 10 ఆర్డర్లు సరిగ్గా 5, 5గా చీలే అవకాశం 25 శాతం కూడా లేదు. నాలుగింట మూడుసార్లు ఏదో ఒకటి ముందుంటుంది. ఇంకొన్ని వారాలు ఆగి చూడండి.

వెబ్‌సైట్ ఉన్నవాళ్లు ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. గూగుల్ అనలిటిక్స్‌లో లోతైన విశ్లేషణకు పనికొచ్చే వివరాలు, మనం మార్చకపోతే, 2 నెలలే నిలుస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ గడువును 14 నెలలకు పెంచుకోవచ్చు, అందుకు డబ్బు కట్టనక్కర్లేదు. ఆవకాయ సీజన్ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఈ వేసవిని నిరుటి వేసవితో పోల్చుకోవాలంటే ఆ 14 నెలలూ కావాలి. చెరిగిపోయిన వివరాలు మళ్లీ రావు, కాబట్టి కొత్త మామిడికాయ మార్కెట్లోకి రాకముందే ఆ మార్పు చేసుకోండి.