గ్యాసు డబ్బు ఏ ఖాతాలో పడింది?

కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే కళ్లు మండుతాయి. దగ్గు వస్తుంది. ఉద్దానంలో కొబ్బరి మట్టలు. సీతంపేట కొండల్లో అడవి కట్టెలు. ఏది మండించినా పొగ పొగే. ఆ పొగ ఎక్కువగా పీల్చేది వంట చేసే ఆడవాళ్లే. పక్కన ఆడుకునే పసిపిల్లలకూ అది చేటు.

ఈ పొగ తప్పించాలని రాష్ట్ర ప్రభుత్వం 1999లో దీపం పథకం పెట్టింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకం తెచ్చింది. అలా చాలా ఇళ్లకు గ్యాసు వచ్చింది.

కాని సిలిండరు అయిపోతే మళ్లీ కొనాలి కదా! 2024 నవంబరు నాటికి దాని ధర 800 రూపాయల పైనే. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే ఇంచుమించు మూడు రోజుల కూలి. అంత డబ్బు ఒక్కసారి తియ్యలేక కొందరు మళ్లీ కట్టెలే ఊదుకున్నారు.

2024 నవంబరు 1న రాష్ట్ర ప్రభుత్వం దీపం-2 మొదలుపెట్టింది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దీన్ని ప్రారంభించారు. తెల్ల రేషను కార్డు, ఆధార్, గ్యాసు కనెక్షను ఉన్న ఇంటికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం.

మూడూ ఒకేసారి ఇవ్వరు. ఏప్రిల్ నుంచి జూలై లోపు ఒకటి. ఆగస్టు నుంచి నవంబరు లోపు ఒకటి. డిసెంబరు నుంచి మార్చి లోపు ఒకటి. ఏ విడతది ఆ విడతలోనే బుక్ చేసుకోవాలి.

ఉచితమే అయినా ముందు డబ్బు కట్టాలి. పథకం మొదలైనప్పుడు పెట్టిన పద్ధతి ఇది. సిలిండరు ఇంటికి వచ్చాక రెండు రోజుల్లో ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి.

"డబ్బులు పడ్డాయంటున్నారు. ఎక్కడ పడ్డాయో తెలీదు" అనే ఆడవాళ్లు ఉన్నారు. ఉపాధి డబ్బుకు ఒక బ్యాంకు, పొదుపు డబ్బుకు ఇంకో బ్యాంకు ఉంటాయి. ప్రభుత్వం వేసే డబ్బు ఆధార్‌తో చివరగా జత చేసిన ఖాతాకు పోతుంది. అది ఏ ఖాతానో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి.

గ్యాసు పుస్తకం ఎవరి పేరున ఉందో కూడా చదువుకోవాలి. మగవాళ్ల పేరున ఉంటే డబ్బు వాళ్ల ఖాతాకే పోతుంది. అది తిరిగి ఇంటి ఖర్చుకు చేరిందో లేదో అడగాలి.

సిలిండరు తెచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోవాలి. దాని మీద ఉన్న అంకె చదివి, అంతే కట్టాలి. పాసు పుస్తకంలో జమ అయిన అంకెను దానితో సరిచూసుకోవాలి.

డబ్బు పడకపోతే ఊరుకోకూడదు. రసీదు, ఆధార్, పాసు పుస్తకం పట్టుకుని గ్యాసు ఏజెన్సీకి గాని సచివాలయానికి గాని వెళ్లాలి. 1967కు ఫోను చేసి కూడా చెప్పవచ్చు. దానికి ఖర్చు ఉండదు.

ముందు కట్టే డబ్బు చేతిలో లేదా? పొదుపు సంఘంలో చిన్న అప్పు తీసుకుని, ఖాతాలో పడగానే తీర్చేయవచ్చు.

మూడు సిలిండర్లు, ఒక్కొక్కటి 800 లెక్కన వేసినా 2,400 రూపాయలు. అంటే 2024 రేటున ఎనిమిది రోజుల ఉపాధి కూలి. ఒక్క విడత మరిచిపోయినా ఇంట్లో 800 తగ్గినట్టే.