సుగ్గికి పోయిన పిల్లల గురించి రాసేదెవరు?

కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే వేళ. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆ మాటకు అర్థం వేరు: పరాయి ఊరి పంటకు కూలికి పోవడం. ఇక్కడి పత్తి తీతలు ముగిసేసరికి కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు వైపు కదులుతాయి. పోయేవారిలో దళితులు, బోయలు, ఇతర వెనుకబడిన కులాలవారే ఎక్కువ. వెంట పిల్లలూ పోతారు. బడి రిజిస్టరులో ఆ పిల్ల గైర్హాజరు. సర్వే పత్రంలో ‘బడి మానేసిన బాలిక’. చంటిబిడ్డను చూసే అక్క లేకపోతే తల్లి చేలోకి దిగలేదన్న సంగతికి ఆ పత్రంలో గడి లేదు. ఆ గడులు ఎవరు గీస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. దక్షిణ భారత కులాలు, తెగలపై ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు 1909లో వెలువడ్డాయి. 1911లో కొత్త నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఎరుకల వంటి సమాజాలపై పుట్టుకతోనే నేరముద్ర వేసిన ఆ చట్టం, వారి పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్నీ ప్రభుత్వానికిచ్చింది. పుస్తకం వల్లే చట్టం వచ్చిందనడం లేదు. రెండింటిలోనూ రాసినవారు వేరు, రాతకు గురైనవారు వేరు. 1952లో చట్టం రద్దయింది. పేద కుటుంబాన్నే దోషిగా చూసే చూపు మాత్రం మిగిలింది.

నేటి పరిశోధన ఆ కోవది కాదు. హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో ఆడపిల్లల శ్రమపై దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనం బహుళజాతి కంపెనీలను నిలదీసింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే అది నెదర్లాండ్స్ సంస్థ కోసం ఇంగ్లీషులో వచ్చింది. పూలకు పరాగం అద్దిన పిల్ల పెద్దదై తన గురించి ఏం రాశారో చదువుకోగలిగే, కాదనగలిగే వేదిక ఎక్కడుంది?

కెనడా ఆదివాసులు అలాంటి వేదికను నిర్మించుకున్నారు. పిల్లలను కుటుంబాల నుంచి లాక్కుని రెసిడెన్షియల్ పాఠశాలల్లో పెట్టిన దేశమది. అక్కడి ఫస్ట్ నేషన్స్ బాలల, కుటుంబ సంరక్షణ సంఘం 2004లో ‘ఫస్ట్ పీపుల్స్ చైల్డ్ అండ్ ఫ్యామిలీ రివ్యూ’ అనే పరిశోధనా పత్రికను మొదలుపెట్టింది. సిండీ బ్లాక్‌స్టాక్ నాయకత్వంలో అదే సంఘం, ఫస్ట్ నేషన్స్ అసెంబ్లీతో కలిసి, 2007లో ప్రభుత్వంపై ఫిర్యాదు చేసింది. ఆదివాసీ పిల్లల సేవలకు నిధుల్లో వివక్ష జరుగుతోందని మానవ హక్కుల ట్రిబ్యునల్ 2016లో తేల్చింది. తీర్పును పత్రిక ఒక్కటే తేలేదు. కానీ తమ అనుభవాన్ని తామే సాక్ష్యంగా కూర్చుకున్న సమాజం వాదించే తీరు వేరు.

మనకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లావి. నేడు సరిహద్దుకు అవతల బేడ, నాయక, వాల్మీకులు షెడ్యూల్డ్ తెగ. ఇవతల బోయలు బీసీ-ఏ. వారిని ఎస్టీల్లో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2023లో తీర్మానించింది; మన్యం ఆదివాసులు వ్యతిరేకించారు. ఈ వాదంలో రెండు వైపులా నినాదాలున్నాయి. సరిహద్దుకు ఇరువైపులా ఒకే వయసు పిల్లల చదువును, తిండిని, వలసను పోల్చి చూపే నిలకడైన అధ్యయనం కావాలి.

అందుకే దళిత, ఆదివాసీ, సంచార, వెనుకబడిన కులాల బాలల, కుటుంబ సంక్షేమంపై ఒక తెలుగు పరిశోధనా పత్రిక రావాలి. సంపాదకవర్గంలో సగం మంది ఆ సమాజాలవారే ఉండాలి. వ్యాసాన్ని అచ్చుకు ముందు ఆ ఊరిలోనే చదివి వినిపించాలి. ఊరివారి అభ్యంతరాన్నీ పక్కనే అచ్చువేయాలి. అంగన్‌వాడీ కార్యకర్త, సీజనల్ హాస్టల్ వార్డెన్, సుగ్గికి పోయివచ్చిన తల్లి చెప్పినదానికీ ప్రొఫెసర్ వ్యాసంతో సమాన స్థానం దక్కాలి. పిల్లల పేర్లు, గుర్తులు మాత్రం బయటపడకూడదు.

ఆకలికి పత్రిక అన్నమా అని అడగవచ్చు. కాదు. అయితే సీజనల్ హాస్టల్ ఏ నెలలో తెరవాలో, అందులో చంటిబిడ్డకు చోటుందో లేదో తేల్చేది కాగితమే. ఆ కాగితం ఇన్నాళ్లూ ఇంకొకరి చేతిలో ఉంది. పదోన్నతి పాయింట్ల కోసం ఇంగ్లీషులోనే రాయక తప్పదన్న మా అధ్యాపకుల సాకు కూడా బలహీనపడింది. యూజీసీ తన కేర్ జాబితాను 2025లో ఎత్తివేసింది. పత్రికల నాణ్యతను తేల్చుకునే బాధ్యత ఇక విశ్వవిద్యాలయాలదే. కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకోవచ్చు. తొలి సంచిక మిరప కోతలు ముగిసి కుటుంబాలు ఊరు చేరే వేళకు రావాలి. దాన్ని మొదట చదవాల్సినవాళ్లు అప్పుడే ఇంట్లో ఉంటారు.