ఒక్క పందెంతో ఆగిన ఫార్ములా-ఈ.. ఆ రూ.55 కోట్ల కథేమిటి?

* నాలుగు సీజన్లకు ఒప్పందం.. జరిగింది ఒక్కటే
* మనకు తెలిసిన కేసు వెనుక తెలియని పోటీ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు నడుమ, కోరుట్ల హోటళ్లలో, జగిత్యాల చల్‌గల్ మామిడి మార్కెట్లో ‘ఫార్ములా-ఈ’ అన్న మాట సామాన్యుల నోట నానడం 2024 డిసెంబర్ నుంచి మొదలైంది. ఆ నెల 19న సిరిసిల్ల ఎమ్మెల్యే, మాజీ మంత్రి కె.తారక రామారావు (కేటీఆర్)పై అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేయడమే దీనికి కారణమన్నది విదితమే. 2009 నుంచి ఆయనను వరుసగా గెలిపిస్తూ వస్తున్న నియోజకవర్గం కావడంతో ఇక్కడ చర్చ మరింత వేడిగా సాగింది. అయితే వాదించుకునే ఇరు పక్షాల్లోనూ అసలు ఆ పోటీ ఏమిటో, దానికి డబ్బు ఎవరు, ఎందుకు కట్టాలో ఎరిగినవారు తక్కువ. కార్లు మన ఊరికి వచ్చి తిరిగితే వాళ్లే మనకు కట్టాలి కదా, మనమెందుకు కట్టాలన్నది పలువురి సందేహం. ఆ సందేహం సహేతుకమైనదే. దానికి సమాధానం తెలిస్తే కేసులో సగం అర్థమైనట్లే.

బ్యాటరీతో పరుగు

కార్ల పోటీలు రెండు తీరులు. ఒకటి ఓర్పు పరీక్ష. ఫ్రాన్స్‌లోని లెమాన్‌లో 1923 నుంచి జరుగుతున్న 24 గంటల పోటీ వీటిలో ప్రసిద్ధమైనది. పదమూడున్నర కిలోమీటర్లకు పైగా ఉన్న దారిలో ఒకే కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా రాత్రింబవళ్లు నడుపుతారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన జిల్లాలవారికి ఇవి పూర్తిగా కొత్త కాదు. బహ్రెయిన్‌లో 8 గంటల పోటీ జరుగుతుంది. ఖతార్‌లో 2024లో జరిగిన ఓర్పు పందేనికి దూరాన్ని 1812 కిలోమీటర్లుగా నిర్ణయించారు. డిసెంబర్ 18 ఆ దేశ జాతీయ దినోత్సవం కావడమే ఆ అంకెకు మూలం.

రెండో తీరు గంటలోపు ముగిసే వేగపు పోటీ. ఫార్ములా-ఈ ఈ కోవలోనిది. 2014లో బీజింగ్‌లో ఆరంభమైన ఈ పోటీలో పెట్రోలు ఉండదు, బ్యాటరీయే ఇంధనం. అయినా ఇందులోనూ ఓర్పు పరీక్ష దాగి ఉంది. పందెం పూర్తి చేయడానికి చాలినంత కరెంటు బ్యాటరీలో ఉండదు. బ్రేకు వేసినప్పుడల్లా పుట్టే శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుకొంటూ వెళ్లాలి. 2023లో ప్రవేశపెట్టిన మూడో తరం కార్లు పందెంలో వాడే శక్తిలో దాదాపు 40 శాతాన్ని ఇలాగే సంపాదించుకుంటాయి. గంటకు 320 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల కారును ఎక్కడ ఆపి, ఎక్కడ వదలాలో లెక్క తప్పితే చివరి మలుపుల్లో చేతులెత్తేయాల్సిందే. ఓర్పు పందేల్లో రాటుదేలినవారు ఇక్కడ రాణించడానికి కారణం ఇదే. లెమాన్‌ను పలుమార్లు గెలిచిన సెబాస్టియన్ బ్యూమీ, ఆండ్రీ లోటరర్ ఇద్దరూ హైదరాబాద్ పోటీలో పాల్గొన్నారు.

ఆరంభంలోనే తడబాటు

పోటీని తెచ్చే ప్రయత్నం 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం, నిర్వాహక సంస్థ సంతకం చేసిన ఆసక్తి పత్రంతో మొదలైంది. అదే ఏడాది అక్టోబర్ 25న త్రైపాక్షిక ఒప్పందం కుదిరింది. లండన్ కేంద్రంగా పనిచేసే ఫార్ములా-ఈ ఆపరేషన్స్, గ్రీన్‌కో అనుబంధ సంస్థ ఏస్ నెక్స్ట్ జెన్, రాష్ట్ర పురపాలక శాఖ అందులో భాగస్వాములు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు సీజన్లు హైదరాబాద్‌లో జరగాలన్నది దాని సారాంశం.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్, అప్పటికి నిర్మాణంలో ఉన్న కొత్త సచివాలయం పరిసరాలను కలుపుతూ సుమారు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులతో దారిని సిద్ధం చేశారు. నిత్యం బస్సులు, ఆటోలు తిరిగే రోడ్డునే పందెపు బాటగా మార్చడం సులభం కాదు. తారు కొత్తగా వేయాలి, ఇరువైపులా సిమెంటు దిమ్మెలు, వాటిపై ఇనుప జాలీలు నిలపాలి, ప్రేక్షకుల గ్యాలరీలు కట్టాలి, అయిపోగానే అన్నీ విప్పాలి. సన్నాహకంగా 2022 నవంబర్‌లో ఇదే దారిలో ఇండియన్ రేసింగ్ లీగ్ నిర్వహించగా ప్రమాదాలు, ఆలస్యాలతో వెలుతురు తగ్గిపోయి ఆనాటి పందేలు రద్దయ్యాయి. సెలవు రోజున పిల్లాపాపలతో వచ్చినవారు నిరాశతో వెనుదిరిగారు. డిసెంబర్‌లో అదే దారిలో మళ్లీ పోటీలు పెట్టి ఆ లోపాన్ని కొంత సరిదిద్దారు.

2023 ఫిబ్రవరి 11న అసలు పోటీ జరిగింది. అంతకు రెండు వారాల ముందు సౌదీ అరేబియాలోని దిరియాలో పరుగెత్తిన కార్లే ఇక్కడికి వచ్చాయి. భారత గడ్డపై ఫార్ములా-ఈ జరగడం అదే ప్రథమం. సచిన్ టెండూల్కర్, ఆనంద్ మహీంద్రా వంటివారు హాజరయ్యారు. టాటాల యాజమాన్యంలోని జాగ్వార్ జట్టుకు చెందిన మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు వరుసలో బయలుదేరగా, సొంత జట్టు సహచరుడు శామ్ బర్డ్ కారే ఆయన కారును ఢీకొనడంతో ఇద్దరూ వైదొలిగారు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. బ్యాటరీలో శక్తి అడుగంటుతున్నా వెనుక నుంచి తరుముకొచ్చిన నిక్ కాసిడీని చివరి వరకు నిలువరించిన తీరు ఆ రోజంతటికీ చూడదగ్గ ఘట్టం. మూడో స్థానంలో గీత దాటిన బ్యూమీ అనుమతించిన దానికంటే ఎక్కువ శక్తి వాడినందుకు శిక్షకు గురై ఆ స్థానం కోల్పోయారు. అది ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కింది.

పోటీ వల్ల నగరానికి దాదాపు 8.4 కోట్ల డాలర్లు, అంటే సుమారు రూ.700 కోట్ల ఆర్థిక ప్రయోజనం కలిగిందని నిర్వాహకులు నీల్సన్ సంస్థ అధ్యయనాన్ని ఉటంకిస్తూ ప్రకటించారు. ఇటువంటి లెక్కల్లో హోటళ్ల ఆదాయం, టీవీ ప్రసారంతో వచ్చిన ప్రచారం విలువ వంటివన్నీ కలిపి చూపుతారు. అది ప్రభుత్వ ఖజానాలో చేరిన సొమ్ము కాదన్నది పాఠకులు గమనించాలి. అలాగని ప్రయోజనమే లేదనడమూ సరికాదు. ఆ వారమే ప్రభుత్వం విద్యుత్ వాహనాల వారోత్సవం జరిపి తెలంగాణ మొబిలిటీ వ్యాలీని ప్రకటించింది.

డబ్బు ఎవరు కట్టాలి?

ప్రపంచ స్థాయి మోటారు పోటీల్లో ఆతిథ్యమిచ్చే పక్షమే నిర్వాహక సంస్థకు రుసుము చెల్లించడం ఆనవాయితీ. నోయిడా సమీపంలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా-1 జరిపినప్పుడు ఏడాదికి 4 కోట్ల డాలర్లు చెల్లించేలా ప్రైవేటు సంస్థ ఒప్పందం చేసుకుంది. టికెట్లు, ప్రకటనల రూపంలో ఆ సొమ్ము రాబట్టుకోవడం ఆ సంస్థ పని. హైదరాబాద్‌లోనూ తొలి ఏర్పాటు ఇదే. రుసుము భారం ఏస్ నెక్స్ట్ జెన్‌ది, రోడ్లు, వసతుల బాధ్యత ప్రభుత్వానిది. అయితే మొదటి పోటీ తర్వాత ఆశించిన స్పాన్సర్లు రాక నష్టపోయామంటూ ఆ సంస్థ తప్పుకుంది. పదో సీజన్ పోటీ 2024 ఫిబ్రవరి 10న జరగాల్సి ఉంది. ముందుకు తెచ్చే ప్రమోటరు లేరు. ఆ పాత్రను ప్రభుత్వమే పోషించాలని నిర్ణయించింది. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

2023 అక్టోబర్‌లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఖాతా నుంచి ఫార్ములా-ఈ ఆపరేషన్స్‌కు రెండు విడతలుగా సొమ్ము వెళ్లింది. ఎఫ్‌ఐఆర్‌లో పేర్కొన్న ప్రకారం 3వ తేదీన రూ.22.69 కోట్లు, 11న రూ.23.01 కోట్లు పంపారు. విదేశీ సంస్థకు చెల్లించేటప్పుడు ఆదాయపు పన్ను మినహాయించాలి. అలా చేయకుండా పూర్తి మొత్తం పంపినందువల్ల రూ.8.06 కోట్ల పన్నును సైతం హెచ్‌ఎండీఏయే భరించాల్సి వచ్చిందన్నది అభియోగం. దేశంలో మోటారు క్రీడల సమాఖ్యకు కట్టిన రూ.1.10 కోట్లతో కలిపి మొత్తం రూ.54.88 కోట్లు. అందరి నోటా వినిపించే ‘55 కోట్లు’ ఇవే.

తేదీల వరుసను జాగ్రత్తగా చూడాలి. శాసనసభ ఎన్నికల ప్రవర్తనా నియమావళి అక్టోబర్ 9న అమల్లోకి వచ్చింది. మొదటి విడత దానికి ముందు, రెండో విడత దాని తర్వాత వెళ్లాయి. పురపాలక శాఖకు, ఫార్ములా-ఈకి కొత్త ఒప్పందం కుదిరింది మాత్రం అక్టోబర్ 30న. అంటే ఒప్పందంపై సంతకాలకు ముందే సొమ్ము చేరింది.

నవంబర్ 30న పోలింగ్ జరిగింది. డిసెంబర్ 7న రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఒప్పందం ప్రకారం నడుచుకోబోమని కొత్త ప్రభుత్వం తెలపడంతో 2024 జనవరి 5న ఫార్ములా-ఈ హైదరాబాద్ పోటీని రద్దు చేసింది. ఆతిథ్య ఒప్పందాన్ని పురపాలక శాఖ ఉల్లంఘించిందని ఆరోపించింది. పోటీ లేదు, పంపిన సొమ్ము తిరిగి రాలేదు.

ఇరు పక్షాల వాదన

పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి దానకిశోర్ 2024 అక్టోబర్‌లో ఇచ్చిన ఫిర్యాదుపై, గవర్నర్ అనుమతి అనంతరం ఏసీబీ కేసు నమోదు చేసింది. కేటీఆర్‌ను మొదటి నిందితునిగా, అప్పటి పురపాలక శాఖ ప్రత్యేక ప్రధాన కార్యదర్శి అర్వింద్‌కుమార్‌ను రెండో నిందితునిగా, హెచ్‌ఎండీఏ చీఫ్ ఇంజినీరు బీఎల్‌ఎన్ రెడ్డిని మూడో నిందితునిగా చేర్చింది. మర్నాడే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ రంగంలోకి దిగింది. మంత్రివర్గ ఆమోదం లేదని, ఆర్థిక శాఖ సమ్మతి లేదని, రూ.10 కోట్లు దాటిన ఖర్చుకు హెచ్‌ఎండీఏ ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధనను పక్కన పెట్టారని, విదేశీ మారకంలో చెల్లింపునకు రిజర్వు బ్యాంకు అనుమతి పొందలేదని ప్రధాన ఆరోపణలు.

కేటీఆర్ వీటిని ఖండించారు. సొమ్ము బ్యాంకు ద్వారా నేరుగా నిర్వాహక సంస్థకే చేరిందని, అందులో ఒక్క పైసా సొంతానికి వాడుకోలేదని, పోటీ చేజారకూడదనే నిర్ణయం తీసుకున్నామని, రద్దు చేసి నష్టం తెచ్చింది తర్వాతి ప్రభుత్వమేనని ఆయన వాదన. ఇది ‘లొట్టపీసు’ కేసని కొట్టిపారేశారు. చెరువు గట్ల మీద పెరిగే, లోపల బోలుగా ఉండే ఆ మొక్క మన ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు గనుక ఆ మాటకు ఇక్కడ వివరణ అక్కర్లేకపోయింది.

కేసు కొట్టివేయాలన్న ఆయన పిటిషన్‌ను 2025 జనవరి 7న హైకోర్టు తిరస్కరించింది. సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌ను జనవరి 15న ఉపసంహరించుకున్నారు. జనవరి 9న ఏసీబీ, 16న ఈడీ ఆయనను ప్రశ్నించాయి. జూన్ 16న ఏసీబీ మరోసారి పిలిపించింది. ప్రాసిక్యూషన్‌కు గవర్నర్ 2025 నవంబర్‌లో అనుమతి మంజూరు చేశారు. అనుమతి అంటే నేరం రుజువైనట్లు కాదు. పదవిలో ఉండగా చేసిన పనిపై ప్రజాప్రతినిధిని విచారించేందుకు చట్టం పెట్టిన మెట్టు మాత్రమే అది. ఐఏఎస్ అధికారుల విషయంలో ఆ అనుమతి కేంద్రం నుంచి రావాలి.

కోర్టు తేల్చవలసిన అంశం ఇక్కడ సూక్ష్మమైనది. డబ్బు వెళ్లిందని ఇరు పక్షాలూ ఒప్పుకొంటున్నాయి. ఎవరికి వెళ్లిందన్న దానిపైనా పేచీ లేదు. విధివిధానాలను తప్పడం పాలనాపరమైన లోపమా, లేక దురుద్దేశంతో చేసిన నేరమా అన్నదే ప్రశ్న. మన చౌరస్తాల్లో ‘తిన్నారు’, ‘తినలేదు’ అని సాగే వాదం అసలు అంశాన్ని తాకడం లేదు.

మనకొక్కరికే కాదు

నోయిడా ఫార్ములా-1ది కూడా ఇలాంటి గతే. 2011 నుంచి ఐదేళ్లకు ఒప్పందం జరగ్గా మూడు పోటీలతోనే ముగిసింది. వినోదమా, క్రీడా అన్న దగ్గరే పన్నుల వివాదం రేగింది. విదేశీ నిర్వాహక సంస్థ ఇక్కడ ఆదాయపు పన్ను కట్టాల్సిందేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసరికి పోటీలు ఆగి నాలుగేళ్లయింది. చెన్నైలో 2023 డిసెంబర్‌లో జరగాల్సిన వీధి పందెం మిచౌంగ్ తుపానుతో వాయిదా పడి, హైకోర్టు వ్యాజ్యాల నడుమ చివరకు 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో జరిగింది. హైదరాబాద్‌కు ఫార్ములా-1 తేవాలని ఉమ్మడి రాష్ట్రంలో చంద్రబాబు ప్రభుత్వం గోపన్‌పల్లి వద్ద స్థలం చూసిన సంగతి పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది కాగితం దాటలేదు.

ఒప్పందం ప్రకారం హైదరాబాద్‌లో జరగాల్సిన సీజన్లలో చివరిది 2025-26 నాటిది. పదకొండు, పన్నెండు సీజన్ల పట్టికల్లో హైదరాబాద్ పేరు లేదు.