మంద పెద్దదైతే లాభమేనా?

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. పేరుకే సగటు! ఒక ఏడు చెరువు అలుగు పారుతుంది, మరుసటేడు మందకు తాగునీళ్లే దొరకవు. మేపు సంగతికొచ్చేసరికి మాత్రం ఏటా అవే మాటలు వినిపిస్తాయి.

తొలకరికి గుట్ట పచ్చబడగానే మందను తోలుకుపోవచ్చన్నది అందులో మొదటిది. ఆ లేత ఆకును గడ్డి తన వేళ్లలో దాచుకున్న సత్తువతో తీస్తుంది. ఆకు ఎదిగితేనే ఆ సత్తువ మళ్లీ వేరుకు చేరుతుంది. వారం తిరక్కుండా గొర్రె రెండోసారి కొరికితే వేరు కుంగిపోతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే గొర్రె ముట్టని వయ్యారిభామ లాంటి కలుపు మిగులుతుంది. అందుకే మందలో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టే ముందు, మేసిన చోటికి ఎన్నాళ్లకు తిరిగొస్తున్నారో చూడాలి.

చిగురు గొర్రెకూ చేటే. ఎండుమేతకు అలవాటుపడిన కడుపులో లేతగడ్డి ఒక్కసారిగా పడితే చిటుక రోగం రావచ్చు. సాయంత్రం గెంతుతూ దొడ్డికొచ్చిన పిల్ల తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. అదీ బాగా బలిసిన పిల్లే! దీని టీకా వానలకు ముందే, మేలోనే వేయించుకోవాలి.

మంద ఎంత పెద్దదైతే అంత లాభమన్నది ఇంకో నమ్మకం. 30 కిలోల గొర్రెకు రోజుకు సుమారు కిలో ఎండుమేత కావాలి. వంద గొర్రెలకు నాలుగు నెలల ఎండాకాలం గడవాలంటే 120 క్వింటాళ్లు. బీడులో అంత లేకపోతే వేరుశనగ కట్టె కొనాల్సిందే, కరవేడు దాని ధర కొండెక్కుతుంది. ఊళ్లో అందరూ ఒకేసారి సంతకు తోలితే గొర్రె ధరేమో పడిపోతుంది. పోతు పిల్లల్ని, పళ్లూడిన గొర్రెల్ని ఒంట్లో కండ ఉండగానే అమ్మి, చూడి గొర్రెలకు మేత మిగుల్చుకున్నవాడే గట్టెక్కుతాడు.

మేకను అడవికి శత్రువంటారు. లేత మొక్కలు నాటిన చోట అది నిజమే. మామూలు బీడులో మాత్రం మేక తలెత్తి పొదల్ని, గొర్రె తల దించి గడ్డిని వెతుక్కుంటాయి.

మేపు పూర్తిగా ఆపితే ప్రకృతి తానే కోలుకుంటుందా? రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో 1982లో గేదెల మేపు ఆపేశారు. నీటిగడ్డి విపరీతంగా పెరిగి నీటిపక్షులకు జాగా తగ్గింది. గేదెల మేపే అక్కడ గడ్డిని అదుపులో ఉంచిందని పరిశోధకులు తర్వాత తేల్చారు.

ఈ తొలకరికి గుట్టలో ఒక్క చెక్క ఎంచుకోండి. గడ్డి జానెడు ఎదిగేదాకా మందను అటు పోనీయకుండా, పక్క చెక్కతో పోల్చి చూడండి.