వైకుంఠధామం (గ్రామ పంచాయతీ శ్మశానవాటిక)

వైకుంఠధామం అనునది తెలంగాణ రాష్ట్రంలో గ్రామ పంచాయతీలు నిర్మించి నిర్వహించు ఉమ్మడి శ్మశానవాటికకు వాడుకలోనికి వచ్చిన పేరు. 2019 సెప్టెంబరు 6న ముప్పై రోజుల గ్రామ కార్యాచరణ ప్రణాళిక ప్రారంభమైనది. దాని కొనసాగింపుగా సాగిన పల్లె ప్రగతి కార్యక్రమంలో భాగంగా, రాష్ట్రంలోని 12,700కు పైగా గ్రామ పంచాయతీలలో ప్రతిదానికి ఒక శ్మశానవాటిక ఉండవలెనని ప్రభుత్వం నిర్ణయించినది. డంపింగు యార్డు, నర్సరీ, పల్లె ప్రకృతి వనం, ట్రాక్టరు కూడా ఈ కార్యక్రమంలోనివే. ఒక చిన్న స్థానిక సంస్థ ఇటువంటి నిర్మాణాన్ని ఎట్లు తలపెట్టును, భూమి ఎక్కడినుండి వచ్చును, డబ్బు ఎవరిచ్చెదరు, కట్టిన తరువాత ఏమగును అను విషయాలు ఈ వ్యాసంలో వివరింపబడినవి.

పేరు

శవసంస్కారం జరుగు చోటుకు తెలుగులో పేర్లు చాలా కలవు. శ్మశానం, రుద్రభూమి, మరుభూమి, వల్లకాడు, కాడు అనునవి రెండు రాష్ట్రాలలోను వినిపించును. పూడ్చిపెట్టు చోటును తెలంగాణ పల్లెలలో బొందలగడ్డ అందురు. సంప్రదాయంలో శ్మశానం శివునికి నివాసం. రుద్రభూమి అను పేరు అందుచేతనే వచ్చినది. రాజమండ్రిలో గోదావరి ఒడ్డున ఉన్న శ్మశానవాటికకు కైలాసభూమి అని పేరు. తెలంగాణ ప్రభుత్వం మాత్రం విష్ణువు నివాసమైన వైకుంఠాన్ని ఎన్నుకొన్నది. పేరు మార్పు వలన శ్మశానమనగానే కలుగు భయం, ఏవగింపు తగ్గునని కాబోలు ఉద్దేశం. ఊరి వాడుకలో నేటికీ చాలామంది "శ్మశానవాటిక" అనియే అందురు.

పూర్వపు స్థితి

ఈ కార్యక్రమానికి ముందు పల్లెలలో శ్మశానం అనగా చాలా చోట్ల ఒక ఖాళీ స్థలం మాత్రమే. వాగు ఒడ్డునో, చెరువు కట్ట దిగువనో, ఊరికి దక్షిణ దిక్కుననో తరతరాలుగా వాడుచున్న జాగా ఉండును. దానికి హద్దురాళ్ళు ఉండవు, బాట ఉండదు, నీరు ఉండదు. భూమి కలిగిన కుటుంబాలు తమ సొంత చేనులోనే దహనం చేసి, అక్కడే సమాధి కట్టుకొనుట ఇప్పటికీ కలదు. భూమి లేనివారికి ఆ వీలు లేదు. శ్మశానం కావలసినది ముఖ్యంగా వీరికే.

వర్షాకాలంలో పరిస్థితి మరీ కష్టం. చితిపై రేకులు పట్టుకొని నిలుచుండుట, తడిసిన కట్టెలపై కిరోసిను పోయుట, వాగు పొంగినప్పుడు పాడెను మోయువారు నడుము లోతు నీటిలో దాటుట పల్లెలలో పెద్దలందరూ ఎరిగినవే.

కులాల వారీగా వేరు వేరు శ్మశానాలు ఉండుట మరొక వాస్తవం. ఒకే ఊరిలో మూడు నాలుగు చోట్ల వేరు వేరు జాగాలు ఉండుట అరుదు కాదు. లింగాయతులు, జంగములు మొదలైనవారిలోను, మరికొన్ని కులాలలోను పూడ్చిపెట్టు ఆచారం ఉన్నది. పసిపిల్లలను దాదాపు అందరూ పూడ్చిపెట్టుదురు. ముస్లిములకు, క్రైస్తవులకు వేరుగా స్థలాలు ఉండును. కావున ఉమ్మడి దహనవాటిక ఒకటి కట్టినంత మాత్రాన ఊరి అవసరాలన్నీ తీరవు.

2018 ఆగస్టులో నాలుగు వేలకు పైగా తండాలు, గూడేలు, శివారు పల్లెలు కొత్తగా గ్రామ పంచాయతీలు అయినవి. వీటిలో అనేకం అంతవరకు పెద్ద ఊరి శ్మశానంపై ఆధారపడినవే. పంచాయతీ వేరు పడినది గాని శ్మశానం వేరు పడలేదు. ప్రతి పంచాయతీకి ఒకటి చొప్పున అను లెక్క అవసరమైనందుకు ఇది ఒక ముఖ్య కారణం.

చట్టం

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 10వ అంశం ఖనన, దహన వాటికలు. కావున ఇది రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని విషయం. 74వ సవరణ ద్వారా చేరిన పన్నెండవ షెడ్యూలు, పురపాలక సంస్థలకు అప్పగింపదగిన పనులలో శ్మశానాలను, విద్యుత్ దహనవాటికలను పేరుపేరునా పేర్కొన్నది. గ్రామ పంచాయతీలకు సంబంధించిన పదకొండవ షెడ్యూలులోని 29 అంశాలలో మాత్రం శ్మశానం అను మాట లేదు. ఈ తేడా విద్యార్థులు గమనింపదగినది. పల్లెలలో శ్మశానాల బాధ్యతను పంచాయతీలపై ఉంచినది రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టాలే. ఆంధ్రప్రదేశ్ 1994 చట్టంలోను, తెలంగాణ 2018 చట్టంలోను ఇది పంచాయతీ విధులలో ఉన్నది.

స్థలం ఎంపిక

కట్టడం కంటే స్థలం సంపాదించుట కష్టం. పద్ధతి ప్రకారం గ్రామసభలో చర్చించి పంచాయతీ తీర్మానం చేయును. ఊరిలో ప్రభుత్వ భూమి ఏ సర్వే నంబరులో ఎంత ఉన్నదో తహశీల్దారు కార్యాలయం చూపవలెను. సర్వేయరు కొలిచి హద్దులు వేయును. ప్రభుత్వ భూమి లేని చోట దాత ఎవరైనా ముందుకు రావలెను, లేదా కొనవలెను.

ఇక్కడ వచ్చు చిక్కులు కొన్ని. మొదటిది చెరువు శిఖం భూమి. ఎండాకాలంలో ఖాళీగా, ప్రభుత్వానిదిగా కనిపించు ఈ భూమి, చెరువు నిండినప్పుడు నీట మునుగును. అటువంటి చోట కట్టినది అవసరమైన కాలంలోనే పనికిరాకుండా పోవును. రెండవది అసైన్డు భూమి. పూర్వం పేదలకు, ముఖ్యంగా దళితులకు పంచిన భూములను ఊరి అవసరాల పేరిట తిరిగి తీసుకొనుటపై కొన్ని చోట్ల అభ్యంతరాలు వచ్చినవి. ఎవరి సౌకర్యం కొరకు శ్మశానం కట్టదలచినారో వారి చేనునే అందుకు తీసుకొనుట న్యాయమని చెప్పజాలము. మూడవది దారి. స్థలం ప్రభుత్వానిదైనను చేరు బాట పట్టా భూముల మధ్యనుండి పోవును. రైతు ఒప్పుకొననిచో పాడె పోవుటకు తోవ ఉండదు. శ్మశానం పక్కన పొలం విలువ పడిపోవునను భయం కూడ ఈ నిరాకరణకు కారణం.

ఊరికి దగ్గరగా వద్దని అందరూ అందురు. ఎక్కువ దూరమైనచో నలుగురు మోసుకొనిపోవుట కష్టం. ఈ రెంటి నడుమ ఒప్పుదల కుదుర్చుట గ్రామసభ పని.

కట్టడం

పంచాయతీరాజ్ ఇంజినీరింగు విభాగం నమూనా ప్రకారం అంచనా తయారుచేయును. ఒక్కొక్క వైకుంఠధామానికి అంచనా వ్యయం సుమారు 12 లక్షల రూపాయలు. ఇందులో సాధారణంగా రెండు దహన గద్దెలు, వాటిపై ఎత్తైన కప్పు, స్త్రీలకు పురుషులకు వేరుగా స్నానపు గదులు, మరుగుదొడ్లు, సామాను గది, నీటి తొట్టి, ప్రహరీ, గేటు ఉండును. శవాన్ని దారిలో దింపి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుచు చోటును దింపుడు కళ్ళం అందురు. కొన్ని ఊళ్ళలో దీనికొక అరుగు కూడ కట్టినారు.

దహన గద్దె చూచుటకు సాదా కట్టడమే అయినను అందులో ఒక ఉపాయం ఉన్నది. నేలపై పేర్చిన చితికి అడుగున గాలి ఆడదు. ఎత్తైన గద్దెపై ఇనుప కడ్డీల చట్రం అమర్చినచో గాలి క్రిందినుండి లేచి మంట బాగుగా అందుకొనును, కట్టెలు తక్కువ పట్టును. నేలపై పేర్చిన చితికి మూడు నాలుగు క్వింటాళ్ళ కట్టెలు కావలసి వచ్చును. పేద కుటుంబానికి ఇది చిన్న ఖర్చు కాదు.

కట్టెలు లేకుండా విద్యుత్తుతోనో గ్యాసుతోనో దహించు కొలిమి పల్లెలలో ఎందుకు పెట్టరను ప్రశ్నకు జవాబు లెక్కలో ఉన్నది. మన రాష్ట్రాలలో మరణాల రేటు ఏడాదికి వెయ్యి మందికి సుమారు 6. అనగా 1,500 జనాభా గల పంచాయతీలో ఏడాదికి తొమ్మిది మరణాలు. అందులో కొన్ని ఖననాలు. నెలకు ఒకటికి మించి దహనాలు జరుగని చోట కొలిమిని నడుపుట, దానికి మనిషిని పెట్టుట అసాధ్యం. నగరాల సంగతి వేరు. గంగా కార్యాచరణ ప్రణాళికలో భాగంగా 1989లో వారణాసి హరిశ్చంద్ర ఘాట్‌లో విద్యుత్ దహనవాటిక ప్రారంభమైనది. ప్రక్కనే కట్టెల చితులు నేటికీ వెలుగుచున్నవి.

నిధులు

పంచాయతీకి ఇంటిపన్ను వంటి సొంత ఆదాయం ఉన్నను, చిన్న పంచాయతీలలో అది 12 లక్షల పనికి చాలదు. కావున నిధులు పైనుండి రావలసినదే. వైకుంఠధామాలకు ప్రధానంగా వాడినది మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం.

2005 నాటి ఆ పథకం చట్టం ప్రకారం పనుల ఖర్చులో కనీసం 60 శాతం కూలీ, 40 శాతానికి మించకుండా సామగ్రి ఉండవలెను. నైపుణ్యం లేని కూలీ మొత్తం కేంద్రం భరించెడిది. సామగ్రి ఖర్చులో కేంద్రం మూడు వంతులు, రాష్ట్రం ఒక వంతు భరించెడివి. చెరువు పూడిక తీయుట వంటి మట్టిపనిలో దాదాపు అంతా కూలీయే. శ్మశానవాటిక అట్లు కాదు. సిమెంటు, ఇనుము, ఇటుక, రేకులు, తలుపులు అన్నీ సామగ్రి లెక్కలోనివే. ఒక్క పనిగా చూచినచో ఇది నిష్పత్తికి లోబడదు. జిల్లా మొత్తంమీద లెక్క సరిపోయిన చాలును గనుక, ఇతర మట్టిపనులలో కూలీలు చేసిన పనిదినాలే శ్మశానవాటిక సిమెంటుకు వీలు కల్పించినవి. ఎండలో గడ్డపార పట్టిన ఉపాధి కూలీకి ఈ సంగతి తెలిసి ఉండదు.

మిగిలిన భాగం పంచాయతీ నిధులనుండి సర్దుబాటు చేసినారు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకు కట్టుబడినది. తక్కిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకొనవచ్చును. అయితే రాష్ట్రం నెలనెలా విడుదల చేసిన నిధులతో కలిపి చూచినను, విద్యుత్ బిల్లులు, పారిశుధ్య కార్మికుల వేతనాలు, ట్రాక్టరు వాయిదాలు పోగా మిగులు కొద్ది.

బిల్లుల ఆలస్యం

ఈ పథకంలో తీవ్ర విమర్శకు గురైన అంశం ఇది. పనిని ముందు చేయవలెను, ఇంజినీరు కొలతల పుస్తకంలో ఎక్కించవలెను, తరువాత బిల్లు రావలెను. లక్ష్యం గడువులోగా పూర్తిచేయవలెనని అధికారుల ఒత్తిడి ఉండుటచేత, చాలా చోట్ల సర్పంచులే వడ్డీకి అప్పు తెచ్చి పని చేయించినారు. 2018 చట్టం సర్పంచికి ఉప సర్పంచికి ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చినది. ఇద్దరికీ పొసగని ఊళ్ళలో వచ్చిన డబ్బు కూడ సంతకం కొరకు ఆగినది.

2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి ఆరంభంలో ముగిసినది. అప్పటినుండి 2025 డిసెంబరు ఎన్నికల వరకు పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నవి. ఎన్నికైన పాలకవర్గం లేని సంస్థలకు ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. పదవి పోయిన తరువాత కూడ మాజీ సర్పంచులు, శ్మశానవాటికలతో సహా తాము చేయించిన పనుల బకాయిల కొరకు 2024లో ఆందోళనలు జరిపినారు. ఊరందరి కొరకు కట్టినదాని అప్పు ఒక కుటుంబం మీద పడుట స్థానిక స్వపరిపాలనలో పెద్ద లోపమే అనవలెను. తక్కువ భూమి గల సర్పంచులకు, రిజర్వేషనుపై మొదటిసారి గెలిచినవారికి ఈ భారం ఎక్కువ.

వినియోగం, నిర్వహణ

లెక్కలలో దాదాపు అన్ని పంచాయతీలలో వైకుంఠధామాలు పూర్తయినవి. వాడకం మాత్రం ఊరూరికి మారును. బాట, నీరు ఉన్న చోట జనం వాడుచున్నారు. ముఖ్యంగా వానాకాలంలో కప్పు ఉన్న గద్దె విలువ తెలియును. ఇక స్త్రీలకు చాటుగా స్నానం చేయు వసతి పూర్వం ఎన్నడూ లేనిది. బోరు వేసి మోటారుకు కరెంటు ఇవ్వని చోట, ట్యాంకు ఉండి నీరు లేని చోట, గదులకు తాళాలే మిగిలినవి. రెండు దహనాల మధ్య నెలలు గడచుటచే ఆవరణలో తుమ్మ, సర్కారు కంప మొలచును. పంచాయతీ పారిశుధ్య కార్మికులే వీలైనప్పుడు శుభ్రం చేయుదురు.

కులాల మధ్య హద్దు ఎంతవరకు చెరిగినదో చెప్పుట అంత సులభం కాదు. సొంత చేనులో దహనం చేయువారు అట్లే చేయుచున్నారు. కొన్ని కులాలు తమ పాత జాగాలను వదలలేదు. గుర్రం జాషువా శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను ద్వారా పల్లెపల్లెకు చేరినవి. చావులో అందరూ సమానులే అను భావాన్ని ఆ నాటకం చూచి మెచ్చుకొన్న ఊళ్ళే శ్మశానంలో హద్దులు పాటించినవి. వైకుంఠధామంలో గద్దెలు రెండే ఉండుట చేత, ఎవరికి ఏది అను వాదం రాకుండ "వచ్చిన వరుసలో" అని గ్రామసభ ముందే తీర్మానించుకొనుట మేలు.

కట్టెల విషయంలో కొన్ని పంచాయతీలు ముందుచూపు చూపవచ్చును. హరితహారంలో నాటిన చెట్ల కొమ్మలు నరికినప్పుడు వచ్చిన కట్టెను సామాను గదిలో ఆరబెట్టి ఉంచినచో, కొనలేని కుటుంబానికి ఇవ్వవచ్చును. దీనికి ప్రత్యేక నిధి అవసరం లేదు, పంచాయతీ తీర్మానం ఒకటి, గది తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో ఊరివారికి తెలియుట చాలును.