బండిశాలకు క్రొత్త నేల



ఇల్లు కట్టుకొనునపుడు మనము గోడలను గూర్చియు, దూలములను గూర్చియు, వాకిటి తలుపును గూర్చియు ఎంతయో ఆలోచింతుము. బండిశాల వంతు వచ్చుసరికి మాత్రము, “బండి నిలుచుటకు నేల యెట్లున్న నేమి?” అని ఊరకుందుము. ఎడ్లబండి కాలమున ఆ మాట చెల్లినది. మట్టినేలలో గుంట పడినచో రెండు తట్టల మన్ను పోసి దిమ్మిసతో కొట్టిన చాలును. ఇప్పు డదే శాలలో ట్రాక్టరు నిలుచుచున్నది. దాని బరువే దాదాపు రెండు టన్నులు. వెనుక నిండు ట్రాలీ చేరినచో ఆ బరువు మూడింతలకు మించును. నేల మాత్రము మన తండ్రులనాటి లెక్కలోనే యున్నది.

అరిగి గోతులుపడిన సిమెంటు నేలను తీసివేసి, దాని స్థానమున ఒకదానితో నొకటి బిగిసి నిలుచు సిమెంటు దిమ్మలను పరచుటను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. వీనిని కొందరు ఇంటర్‌లాకింగు టైల్సనియు, కొందరు పేవరు బ్లాకులనియు పిలుచుచున్నారు. నేను దిమ్మలనియే చెప్పెదను.

మా శాల సంగతి ముందుగా మనవి చేసెదను. మా సిమెంటు నేల మొదట పొడి రాలినది. పిదప బీటలు వారినది. తుదకు చక్రములు నిలుచు తావుల గుంటలు పడినవి. “వచ్చే యేడు చూతము” అని నేను ఏటికేడు దాటవేయుచు వచ్చితిని. ఒకనాడు ట్రాలీ చక్రము విప్పుటకు మా చిన్నాన్నగారి కుమారుడు జాకీ పెట్టి ఎత్తినాడు. జాకీ పాద మొక బీటపై నున్నది. అతడు క్రిందికి దూరుటకు మోకాళ్ళపై వంగుచుండగనే నేల పెళ్ళ విరిగి జాకీ ప్రక్కకు ఒరిగినది. ట్రాలీ దబ్బున క్రిందికి కూలినది. క్షణమాత్రము ఆలస్యమైనచో నేమగునో మీరే యూహింపుడు. ఆనాటితో నా వాయిదాలు ముగిసినవి. నేల యెట్టిదైనను, జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదనియు, ఇరుసు క్రింద బలమైన కొయ్యదుంగలు పేర్చియే పని చేయవలెననియు నే నానాడు నేర్చుకొంటిని.

సిమెంటు నేల ఏల అరుగును? కలిపినపు డెక్కువ నీరు పోసినచో సిమెంటు పాలు పైకి తేలును. దానిపై పొడి సిమెంటు చల్లి తాపీతో నునుపు చేసినచో చూచుటకు అద్దమువలె నుండును గాని, ఆ పైపొర బలహీనము. కొలదికాలములో పొడియై లేచిపోవును. రెండవది, నీరు కట్టుట. సామాన్యమైన సిమెంటుకు కనీసము 7 దినములును, బూడిద కలిసిన సిమెంటుకు 10 దినములును తడి ఆరకుండ నీరు కట్టవలెను. మనము మూడవనాడే బండి తోలుదుము. మూడవది, దమ్ముచక్రములు. పొలమున దమ్ము చేసిన ట్రాక్టరును ఆ ఇనుప చక్రములతోనే శాలలోనికి తెచ్చినచో ఏ నేలయు నిలువదు. ఈ దిమ్మలును నిలువవు. వానిని బయటనే విప్పి రావలెను.

అన్నిటికంటె పెద్ద కారణము నేల క్రింది మన్ను. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెరదీయును. దానిపై పలుచని సిమెంటు పలక పరచినచో అది క్రింది మట్టితోపాటు లేచుచు దిగుచు ముక్కలగును.

ఇక దిమ్మల సంగతి. చిన్న చిన్న ఖండములను చాప అల్లికవలె కూర్చు విద్య క్రొత్తది కాదు. ప్రాచీన రోము వారు ఇటుకలను ఈ తీరుననే నేలకు కూర్చిరి. రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిదప హాలెండు, జర్మనీ దేశములలో సిమెంటు దిమ్మలను వీథులకు పరచుట ప్రబలినది. మన దేశమున వీనికి ఐ.ఎస్. 15658 అను ప్రమాణము 2006లో ఏర్పడినది.

ఈ దిమ్మల నడుమ సున్నము గాని సిమెంటు గాని ఉండదు; పొడి ఇసుక మాత్రముండును. అయినను ఏల కదలవు? తిరునాళ్ళలో రథమువద్ద జనము భుజము భుజము ఆని నిలుచుట మీరు చూచియే యుందురు. నడుమ నున్నవానిని ఎవరు త్రోసినను వాడు పడడు. చుట్టునున్నవారు ఆ త్రోపును పంచుకొందురు. పడినచో అంచున నున్నవాడే పడును. దిమ్మల తీరు నిట్టిదే. ఒక దిమ్మపై చక్రము నిలిచినపుడు, సందులలో బిగిసిన ఇసుక ఆ బరువును ఇరుగుపొరుగు దిమ్మలకు పంచిపెట్టును. కావున వీనికి రెండు ప్రాణములు: సందులలోని ఇసుక యొకటి, అంచున కట్టిన కట్టు రెండవది. బండిచక్రమునకు ఇనుప పట్టా యెట్టిదో, ఈ నేలకు అంచుకట్టు అట్టిది. పట్టా వదలినచో చుట్టుకొయ్యలు విడిపోవును గదా!

దిమ్మలను ఎన్నుకొనుటలో మందము ముఖ్యము. కారులు, మోటారు సైకిళ్ళు నిలుచు తావునకు 60 మిల్లీమీటర్ల మందము చాలును. ట్రాక్టరు శాలకు 80 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళములకు కొంచెము పైబడిన దిమ్మ కావలెను. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు గల దిమ్మలు చదరపు మీటరునకు 50 పట్టును. ఇరువది యడుగుల పొడవు, పదునైదడుగుల వెడల్పు గల శాల 300 చదరపు టడుగులు, అనగా సుమారు 28 చదరపు మీటర్లు. దానికి 1400 దిమ్మలు కావలెను. అంచులలో కోతకు, విరుగుటకు నూటికి అయిదు చొప్పున మరి 70 తెప్పించుకొనవలెను. ఈ దిమ్మలే అయిదు టన్నులు మించి తూగును గనుక ధర మాటలాడునపుడు రవాణాయు, దింపుడు కూలియు అందు చేరినవో లేదో ముందే తేల్చుకొనుడు.

నాణ్యమును ఇంటివద్దనే కొంత తెలిసికొనవచ్చును. బాగుగా ఎండిన దిమ్మను తూచి, ఒక పగలు ఒక రాత్రి నీటిలో నుంచి, తీసి తుడిచి మరల తూచుడు. సగటున నూటికి 6 వంతులకు మించి నీరు పీల్చరాదని ప్రమాణము చెప్పుచున్నది. అనగా 3 కిలోల 800 గ్రాముల దిమ్మ బరువు సుమారు 230 గ్రాములకంటె పెరుగరాదు. ఇది శాస్త్రశాలలోని పరీక్షతో సమానము కాకున్నను, మరీ చెడ్డ సరుకును పట్టియిచ్చును. నాలుగైదు దిమ్మలను పరీక్షించుట మేలు. రంగును చూచి మోసపోకుడు.

పట్టణములలో ప్లాస్టిక్కు పలకలు కూడ ఈ తీరుననే కొక్కెములతో బిగించునవి దొరకుచున్నవి. అవి గట్టి నేలపై కప్పుటకే గాని, చెడిన నేలను బాగుచేయుటకు పనికిరావు. ట్రాక్టరు శాలకు అవి వలదు.

ఇప్పుడు నేను చేసిన తప్పును దాచక చెప్పెదను. పాత నేలను పగులగొట్టు కూలి మిగులునని, ఆ గుంటల మీదనే ఇసుక పోయించి దిమ్మలు పరపించితిని. చూచినవారందరు మెచ్చుకొనిరి. తొలి వానకాలము గడచునప్పటికి చక్రముల జాడలో రెండు కాలువలు దిగినవి. వాకిటివైపు దిమ్మలు ఎడమెడమైనవి. పాత పలకపై నీరు దిగుటకు దారిలేక ఇసుకలో నిలిచినది. చక్రము నొక్కినపుడెల్ల ఆ నీరు ఇసుకను వెంటబెట్టుకొని బీటలలోనికి పోయినది. పై పటారము, లోన లొటారము అనిన సామెత నా శాలకే పుట్టినదా యనిపించినది. అయితే ఒక మేలు కలదు. సిమెంటు నేలయే అయినచో అంతయు మట్టిపాలగును. ఈ దిమ్మలను పలుగుతో ఒకదానిని పైకి లేపి, వరుసగా తీసి ప్రక్కన పేర్చి, అడుగును సరిచేసి, మరల వానినే పరచితిమి. విరిగినవి కొన్ని మాత్రమే. కూలి రెండుమారులు పెట్టితిని. సరుకు ఒకమారే కొంటిని.

కావున పని క్రమమును వినుడు. ముందుగా పాత నేలను పలుగు మొనతో అంతటను తట్టి చూడుడు. బోలు చప్పుడు వచ్చినచో, బీటలు కదలుచున్నచో, దానిని తీసివేయుటయే మార్గము. ఆ పెళ్ళలను పిడికిలికంటె చిన్నవిగా కొట్టించినచో అడుగు పొరలో కలిసిపోవును.

తరువాత నేలమట్టమును నిర్ణయింపుడు. దిమ్మకు మూడంగుళములకు పైగా, ఇసుకకు అంగుళమును పాతికయు, కంకర పొరకు ఆరంగుళములు, వెరసి పదియంగుళములకు పైగా త్రవ్వవలెను. ఇట్లు త్రవ్వక పైనే పరచినచో తలుపులు తెరచుకొనవు. నల్లరేగడి అయినచో మరొక అడుగు త్రవ్వి, ఆ మన్నును ఎత్తిపోసి, మొరము నింపవలెను. మొరమును ఒక్కమారుగా పోయక మూడు నాలుగంగుళముల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరను దిమ్మిసతో గాని రోలరుతో గాని గట్టిపరుపవలెను. తడి ఎంత ఉండవలెనన్నచో, పిడికిట నొక్కిన ముద్ద విడిపోరాదు, చేతికి నీరు కారరాదు. దానిపై కంకర పొర. ఈ రెండు పొరలే నిజమైన నేల. దిమ్మలు దానికి తొడిగిన చెప్పులవంటివి. నీరు వాకిటివైపు జారునట్లు నాలుగైదడుగులకు ఒక అంగుళము వాలు ఈ కంకర పొరలోనే తేవలెను. పైయిసుకతో సర్దుకొందమనుట తగదు.

దిమ్మలను పరచుటకు ముందే మూడు ప్రక్కల అంచులను కాంక్రీటుతో కట్టుడు. నాలుగవ ప్రక్కను దిమ్మల కొలత చూచుకొని కట్టవచ్చును. వాకిటి యంచు అన్నిటికంటె లోతుగను బలముగను ఉండవలెను. బండి యెక్కునపుడు చక్రము త్రోయునది అచ్చటనే. అంచు లోతుగా దిగియున్నచో పందికొక్కులు ఇసుక క్రిందికి త్రవ్వుటయు కొంత అడ్డుపడును.

పిదప ముతక ఇసుకను పరచి, రసమట్టము చూచుకొని, బద్దతో సమముగా లాగవలెను. లాగిన ఇసుకపై అడుగు వేయరాదు. రాతిపొడి చవకయని దానిని వాడకుడు. అది నీటిని పట్టి బురదయగును. దిమ్మలను నూలుదారము వెంట, ఒకటి నిలువుగను ఒకటి అడ్డముగను, ఈతచాప అల్లికవలె కూర్చుడు. నేరుగా వరుసలు తీర్చినచో చక్రము త్రిప్పినపుడు వరుసకు వరుసయే జరుగును. సందు రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్లు. అనగా రూపాయి బిళ్ళ దూరునంత. అంచులలో మిగిలిన ఖాళీలకు దిమ్మలను కోసి అమర్పవలెను. వానిని పచ్చి సిమెంటుతో నింపినచో అచ్చటనే మొదట ఊడును.

పరచుట ముగిసిన పిదప అదరుడు యంత్రమును అద్దెకు తెచ్చి ఒకమారు నడిపింపుడు. సన్నని పొడి ఇసుకను పైన చల్లి, చీపురుతో సందులలోనికి ఊడ్చి, మరల నడిపింపుడు. సందులు నిండువరకు ఇట్లే చేయవలెను. నీరు కట్టు పని లేదు. ఆనాడే బండి తోలవచ్చును. తొలి నెలలలో వారమున కొకమారు సందులను చూచి, ఇసుక తగ్గినచోట మరల ఊడ్వవలెను. చీమలు ఇసుకను పైకి మోయును, గడ్డి మొలచును. వీనిని నిర్లక్ష్యము చేయరాదు.

నిలుపుకొనుట గూర్చి రెండు మాటలు. ఇంజనునూనె కారినచోట వెంటనే రంపపు పొట్టు గాని ఊక గాని చల్లి ఊడ్చి పారవేయుడు. బ్యాటరీ ఆమ్లము సిమెంటును తినివేయును. అమ్మోనియం సల్ఫేటువంటి ఎరువులును అట్టివే. ఎరువు బస్తాలను కొయ్యపలకలపై పేర్చుడు గాని దిమ్మలపై పెట్టకుడు. ఒక దిమ్మ పాడైనచో దానినే తీసి మరొకటి పెట్టవచ్చును. అందులకై ఇరువది ముప్పది దిమ్మలను మూలన దాచియుంచుట మంచిది.

పెద్దలారా, పని చేయించునపుడు మేస్త్రి మిమ్ము “ఏ రంగు వేయుదము?” అని అడుగును. మీరు “ఎంత లోతు త్రవ్వితివి?” అని అడుగుడు. దిమ్మలు పరచుదినమున కాక, కంకర పొర గట్టిపరచుదినమున మీ రచ్చట కుర్చీ వేసికొని కూర్చుండుడు. ఆనాటి మీ కాపలాయే రేపు బండి క్రింద పనిచేయు మీ పిల్లలకు కాపుదల. సెలవు.